నాలుగు వందల పన్నెండో పేజీ

సాన్ హసింతో తిరనాళ్లలో ఎలియోదోరో పేర్ల కొట్టు మీద ఎర్రరంగు అక్షరాల బోర్డు ఒకటి వేలాడుతుంది. "మా పెట్టెలో లేని పేరు లోకంలో లేదు. ఉందంటారా, కార్డు ఉచితం. పైన ఒక పొట్లం వేరుశెనక్కాయలు." మూడేళ్లుగా ఒక్క పొట్లం కూడా చేయి దాటలేదు.

ఆ గురువారం పొద్దున టార్పాలిన్ పైకెత్తి కట్టిన పది నిమిషాలకే బోర్డు అబద్ధమైపోయింది. నిజానికి అది ఏటా పది నిమిషాలకే అబద్ధమయ్యేది. ఆ సంగతి ఎలియోదోరోకి తెలియకపోవడానికి కారణం పెట్టె వెనక కూర్చునే అతని మేనకోడలు హిమెనా.

పెట్టెలో ఆరువందల నలభై కార్డులుంటాయి. పైన బంగారు సిరాతో పేరు, కింద నల్ల సిరాతో అర్థం, ఆ కింద ఆ పేరు ఎంతమందికి ఉందో ఒక ముక్క. మూలన ఎండిన పువ్వు అంటించి, పైన ప్లాస్టిక్ కాగితం పరిచి, ఇస్త్రీపెట్టెతో అద్దితే అయిపోతుంది. పెట్టెలో లేని పేరు ఎవరైనా అడిగితే హిమెనా పక్కనున్న పేర్ల అర్థాల ఫైలు తెరుస్తుంది. ఏదో ఒక పేజీ మీద వేలు పెడుతుంది. ఆ పేజీలో లేనిదంతా చదువుతుంది. ఎలియోదోరోకి కళ్లజోడు ఉన్నా అది ఎప్పుడూ నెత్తిమీదే ఉంటుంది కాబట్టి ఇబ్బంది రాలేదు.

పేర్ల విషయంలో హిమెనాకి పాత పగ ఒకటుంది. ఆమె క్లాసులో ఐదుగురు హిమెనాలు. టీచరు విసిగిపోయి అంకెలిచ్చింది, ఈమెకి మూడు. తిరనాళ్లలో ఎవరైనా "హిమెనా!" అని కేకేస్తే ఊరు పావువంతు ఆగి వెనక్కి చూస్తుంది, ఒక బస్సుతో సహా. అందుకే అరుదైన పేరు దొరికితే ఆమె దానికి తక్కువలో తక్కువ ఒక యుద్ధం, ఒక సింహాసనం ఇవ్వకుండా వదిలిపెట్టదు.

"ఏం మూడో, బావున్నావా?"

ఆ పిలుపుతో పిలిచేది బళ్లో వాళ్లే. ఒదాలీస్, రెండు క్లాసులు పెద్దది. శాలువాతో ఛాతీకి కట్టుకున్న నాలుగు నెలల పిల్ల నిద్రపోతోంది.

"బావున్నానక్కా. పేర్లన్నీ నామీదే ఆధారపడ్డాయి, కదల్లేకపోతున్నాను."

"అంగుస్తియాస్ ఉందా?"

హిమెనా చేయి పెట్టె మీదే ఆగిపోయింది. అంగుస్తియాస్ అంటే వేదనలు. ఒకటి సరిపోదన్నట్టు బహువచనం. మరియమాత పడిన వేదనల మీద భక్తితో ఒకప్పుడు ఆడపిల్లలకి పెట్టేవారు. పోస్ట్‌మాన్ గుర్రమెక్కి వచ్చే రోజుల్లోనే మానేశారు.

ఇస్త్రీపెట్టె దగ్గర్నుంచి ఎలియోదోరో తలెత్తాడు. "లేదా ఏంటమ్మా?" అన్నాడు. కళ్లు వేరుశెనక్కాయల గంప మీదికి పోయాయి.

"లేకపోవడమేంటి మావయ్యా," అని హిమెనా ఫైలు తెరిచింది. ఆ పేజీలో లారా, లెతీసియా, లిలియానా ఉన్నారు. లెతీసియా కింద వేలు పెట్టి, గొంతు సవరించుకుని చదవడం మొదలెట్టింది.

"అంగుస్తియాస్. పుట్టిల్లు స్పెయిన్. అర్థం, ద్వారం వదలనిది. శత్రువులు నలభై రోజులు కోట ముట్టడిస్తే, వంటింట్లోంచి గరిటె పట్టుకుని వచ్చి కోట ద్వారంలో నిలబడ్డ రాణి పేరిది. ఆవిడ పోయిన రోజు జనానికి కలిగిన బాధకి అప్పటిదాకా మాట లేదు. అందుకని ఆవిడ పేరే పెట్టుకున్నారు. తెలియనివాళ్లు బాధ ముందు పుట్టిందనుకుంటారు. పేరే ముందు పుట్టింది. ఈ లోయ మొత్తమ్మీద నలుగురికే ఉంది."

"నలుగురేనా?"

"నిరుడు ఐదుగురు. ఒకావిడ పెళ్లి చేసుకుని పెరూ వెళ్లిపోయింది."

"ఏ పేజీలో ఉందిదంతా?"

"నాలుగు వందల పన్నెండు."

ఒదాలీస్ ఫైలు మందం కేసి చూసింది. హిమెనా మొహం కేసి చూసింది. "సరే, అలాగే రాయి. ఫ్రేమ్ కూడా కట్టు," అంది.

హిమెనా రాసింది. మొదటి అక్షరానికి ఒక కోట బురుజు కూడా వేసింది, డబ్బు తీసుకోకుండా. కార్డు చల్లారే లోపు ఒదాలీస్ పిల్ల నెత్తి మీది బొచ్చు సర్దుతూ, "ఆదివారం పదకొండింటికి దీనికి బాప్తిస్మం," అంది. "అంతా కలిసొస్తే నీ నలుగురు కాస్తా ఐదుగురవుతారు."

ఫ్రేమ్ తీసుకుని వెళ్లిపోయింది. బంగారు సిరా బుడ్డి మూత బిగించడానికి హిమెనాకి మూడుసార్లు పట్టింది.

శుక్రవారం పదింటికి ఎదురు వరసలోంచి ఒక ముసలావిడ నడిచొచ్చింది. మేకపాల కోవా అమ్మే తీతా. ముంజేతుల మీద రాగి బాణలి తాలూకు కాలిన మచ్చలు, నడుముకి తెల్లని గుడ్డ. చంకలోంచి ఫ్రేమ్ తీసి కార్డుల పెట్టె మీద పెట్టింది.

"ఇది రాసింది నువ్వేనా అమ్మాయ్?"

"నేనే బామ్మా. బురుజు బాలేదా?"

"బురుజు బానే ఉంది. ఈ పేరు నాది."

హిమెనా పుట్టిన దగ్గర్నుంచి ఆవిడ తీతాయే. కోవా డబ్బాల మీద తీతా, అందరి నోట తీతా. ఆ పేరు వెనక ఇంకో పేరుంటుందని ఎవరూ అనుకోలేదు.

"అరవయ్యేళ్లు కష్టపడి దాచుకున్నాను దాన్ని," అంది ముసలావిడ. "బళ్లో హాజరు పిలిచేటప్పుడు 'అంగుస్తియాస్' అనగానే ముప్ఫై మంది గుండెల మీద చేతులేసుకుని 'అయ్యో' అనేవాళ్లు. ఆ చేమా వెధవైతే బెంచీ మీంచి కిందపడి మూర్ఛపోయేవాడు. రోజూ. ఇప్పటికీ ఆస్పత్రిలో నర్సు నా పేరు పిలిస్తే, లైన్లో వాళ్లు ఎవరో పోయారనుకుని శిలువ గుర్తు వేసుకుంటారు."

హిమెనాకి నవ్వొచ్చింది. పళ్ల మధ్య నొక్కిపెట్టింది.

"మా ఇంట్లో ఒక పద్ధతుంది. మొదటి మునిమనవరాలికి ఇంటి పెద్దావిడ పేరు పెట్టాలి. గుడి గుమ్మంలో ఫాదరు 'ఈ బిడ్డకి ఏం పేరు' అని అడిగితే చెప్పాల్సింది తల్లీ తండ్రీ కాదు, ఆ పెద్దావిడే. నేను నాలుగు నెలల నుంచి ఒకటే మాట మీదున్నా. రెహీనా అంటాను, అంతే. వినగా వినగా అందరూ సరే అన్నారు. నిన్న ఈ కాగితం ఇంటికొచ్చింది. మా పెద్దాడు అన్నం ముందు ప్రార్థన మానేసి దీన్ని చదువుతున్నాడు. ఇక వేదన అని వంక పెట్టే వీలేది నాకు? రాణి పేరు నీ దగ్గరే ఎందుకు దాచుకుంటావే అంటున్నారు."

"మరి మంచిదేగా బామ్మా."

"అబద్ధం కదమ్మా."

ఆ మాట ఆవిడ మెల్లగానే అంది. అయినా ఇస్త్రీపెట్టె ఆగింది. "మా పిల్ల ఫైల్లో లేనిది రాయదు తీతమ్మా," అన్నాడు ఎలియోదోరో, అక్కడున్న నలుగురు గిరాకీలకీ వినబడేలా. "ఊళ్లోవాళ్లు వార్తాపత్రిక చదవరూ, ఇది ఫైలు చదువుతుంది. చూపించమ్మా ఆ పేజీ."

"ఆ భాగం ఇంట్లో ఉండిపోయింది మావయ్యా. ఇది మొదటి సంపుటం."

"రెండోది కూడా ఉందా!"

"మూడోది అచ్చులో ఉంది."

ఎలియోదోరో గర్వంగా గిరాకీల కేసి తిరిగాడు. ముసలావిడ మాత్రం హిమెనా మొహం మీంచి చూపు తియ్యలేదు.

"ఆదివారం గుమ్మం దగ్గరికొచ్చి మావాళ్ల ముందు నిజం చెప్పు. నేనేం నీ కొట్టు మీద పడి అరవను. ఒక్క సంగతి అడుగుతా. ఆరేళ్ల తర్వాత ఆ పిల్ల పేరు పిలిచినప్పుడు క్లాసులో ఎవడో మూర్ఛపోతే, వాణ్ణి లేపడానికి నువ్వెళ్తావా?"

ఫ్రేమ్ మళ్లీ చంకలో పెట్టుకుని వెళ్లింది. హిమెనా వేరుశెనక్కాయ ఒకటి వొలుచుకుంది. గింజ నోట్లో వేసుకోవడం మర్చిపోయింది.

మధ్యాహ్నం తలనొప్పని చెప్పి జనన నమోదు ఆఫీసుకెళ్లింది. అక్కడి గుమాస్తా దోన్ బ్రౌలియో లోయలో పుట్టినవాళ్లందరినీ తనే కన్నంత ధీమాగా కూర్చుని ఉంటాడు. హిమెనా ఆలోచన ఒక్కటే. నలుగురు అంగుస్తియాస్‌లు దొరికితే రాసిందాంట్లో ఒక వాక్యమైనా నిజమవుతుంది.

"ఏ సంవత్సరం?"

"అన్నీ."

ఆయన తడి స్పాంజి మీద వేలు అద్దుకుని, అట్టలూడిన పేర్ల పట్టీలు ఒకదాని తర్వాత ఒకటి తిప్పాడు. అనా, అనాస్తాసియా, ఆంహెలా. వేలు ఆగదు, మళ్లీ తడి, మళ్లీ పేజీ. "నీ పేరైతే చెప్పు," అన్నాడు మధ్యలో. "హిమెనాలు నూట ఎనభై మూడు మంది. నిరుడు ఒక మేకకి కూడా పెట్టబోయారు, నేనొప్పుకోలేదు."

సాయంత్రం నాలుగున్నరకి ఒకే ఒక్క చోట వేలు ఆగింది. ఊదారంగు సిరా, వంకర దస్తూరి. అంగుస్తియాస్. డెబ్భై ఎనిమిదేళ్ల కిందటి తారీఖు.

"ఒక్కరేనా?"

"దానికి ముందు లేరు. తర్వాతా లేరు. పెరూ వెళ్లిన వాళ్లెవరూ లేరు," అన్నాడు బ్రౌలియో. కోట కథ అప్పటికే ఆయన దాకా వచ్చేసింది.

హిమెనా గుమ్మం మెట్ల మీద కాసేపు కూర్చుంది. ఆమె ఇంతవరకూ చెప్పినవన్నీ నిజం కంటే పెద్దవి. నిజం కంటే చిన్నదాన్ని చెప్పడం ఇదే మొదలు; నలుగురి కంటే ఒక్కరే అరుదు.

శనివారం పొద్దున్నే తీతా ఇంటికెళ్లింది. గుమ్మం దగ్గర చెప్పాల్సింది ముందు ఆవిడకొకసారి చెప్పి చూసుకుందామని. పెరట్లో మూడు రాళ్ల పొయ్యి మీద రాగి బాణలి, అందులో మేకపాలు, పంచదార. బుడగలు పెద్దవై, నెమ్మదించి, రంగు తిరుగుతున్నాయి. ముసలావిడ తన ఎత్తున్న చెక్క తెడ్డుతో తిప్పుతోంది. బాణలి అంచు చుట్టూ ఒకసారి, అడుగున అడ్డంగా ఒకసారి.

"వచ్చావా. పట్టుకో. నా భుజం పోతోంది."

హిమెనా తెడ్డు అందుకుంది. ముసలావిడ పీట మీద కూర్చుని మణికట్లు నొక్కుకుంది. తెరిచి ఉన్న వంటింటి తలుపులోంచి లోపలి గోడ కనిపిస్తోంది. మరియమాత పటం, పక్కన తిరనాళ్ల కేలండరు, ఆ రెంటి మధ్య కొత్త మేకు. మేకుకి ఫ్రేమ్.

"దోన్యా అంగుస్తియాస్," అంది హిమెనా మర్యాదగా. ఆ పేరు పైకి అనడం కొత్తగా ఉంది. "ఆ కార్డులో..."

"అడుగు తగలనీ తెడ్డు. పైపైన తిప్పితే అంటుకుంటుంది."

అడుగు తగిలేలా తిప్పింది.

"నా కళ్లకి ఆ చిన్న అక్షరాలు ఆనట్లేదు," అంది ముసలావిడ, ఎటో చూస్తూ. "ఆ గరిటె ముక్క ఒకసారి చెప్పు. నీకు నోటికొచ్చుగా."

"వంటింట్లోంచి గరిటె పట్టుకుని వచ్చి కోట ద్వారంలో నిలబడ్డ రాణి."

"గరిటె ఎంత పొడుగో రాశారా ఆ పుస్తకంలో?"

"రాయలేదండీ."

"రాయాల్సింది." ఆవిడ కళ్లు హిమెనా చేతిలోని తెడ్డు మీదున్నాయి. ఆ పిడి సగం దాకా నల్లబడి, చేతులు పట్టుకునే చోట పల్లంపడి ఉంది. "నలభై రోజులంటే మామూలు గరిటెతో అయ్యేది కాదు."

హిమెనా మళ్లీ నోరు తెరిచింది. "నేను చెప్పాలనుకున్నది ఏంటంటే, అది..."

"ఆపకు. ఇప్పుడు ఆపితే మొత్తం పోతుంది."

గంటసేపు ఆపలేదు. ఆవిడ చల్లని నీళ్ల గిన్నెలో ఒక చుక్క వేసి, అది ముద్దకట్టి నిలబడితే అప్పుడు బాణలి దింపించింది. వెళ్లేటప్పుడు ఒక డబ్బా చేతిలో పెట్టింది. చెప్పాల్సిన మాట మాత్రం హిమెనా నోట్లోనే ఉండి ఇంటికొచ్చింది.

ఆదివారం పదకొండుకి పావుగంట ముందు గుడి గుమ్మం దగ్గర ఒదాలీస్ కుటుంబం నిలబడి ఉంది. తెల్ల గౌనులో పిల్ల. చిల్లర నాణేలు వెదజల్లడానికి సంచీతో పెదనాన్న, వాటికోసం అప్పుడే మోచేతులతో పొడుచుకుంటున్న పిల్లలు. మెట్ల మీద ఊళ్లోని ముసలాళ్లు, వాళ్లలో చేమా. ముసలావిడ నల్లబట్టల్లో, కోవా వాసనతో, అందరికన్నా ముందుంది.

ఎలియోదోరో కొట్టులోనే ఉన్నాడు. అది చూసుకునే హిమెనా వచ్చింది. మెట్లెక్కి సరాసరి ఒదాలీస్ ముందు నిలబడింది.

"అక్కా, ఆ కార్డు అబద్ధం. రాణి లేదు. అంతా నేనే అల్లాను."

ఒదాలీస్ పిల్ల టోపీ ముడి సర్దడం ఆపలేదు. "తెలుసు."

"తెలుసా?"

"ఒసేయ్ మూడో. ఐదో క్లాసులో మీ తాత ఈల కనిపెట్టాడని చెప్పినదానివి నువ్వు. ఆయన కనిపెట్టకముందు కుక్కలు ఎవరి మాటా వినేవి కావన్నావు. ఆ కొట్టుకి నేను ఫైలు కోసం వచ్చాననుకున్నావా? నీకోసం వచ్చాను. ఊళ్లో నీ అంత బాగా ఎవరు చెప్తారు?"

"ఎందుకూ?"

"మా బామ్మ తన పేరు చెప్పమంటే నేల చూపులు చూస్తుంది. నాకా పేరే కావాలి, అలా నేల చూపులు చూడకుండా కావాలి."

హిమెనా ముసలావిడ వైపు తిరిగింది. ఆవిడ అంతా విన్నది. మొహంలో కోపం ఉంటుందేమోనని వెతికింది. దొరకలేదు.

"బామ్మా, మీరు చెప్పమన్నారనే..."

"శుక్రవారం చెప్పమన్నాను," అంది ముసలావిడ. "ఇవాళ ఆదివారం." శాలువా సర్దుకుంది. "డెబ్భై ఎనిమిదేళ్లుగా ఆ పేరు మోస్తున్నాను. దానర్థం నాకు తెలియదనుకుంటున్నావా? ఆ పేరు విని ఏడిపించినవాళ్లున్నారు, జాలిపడ్డవాళ్లున్నారు. దానికోసం కూర్చుని బంగారు సిరాతో అబద్ధమాడినవాళ్లు మాత్రం ఇప్పటిదాకా లేరమ్మా."

లోపల్నుంచి ఫాదరు వచ్చాడు. పిల్లలు కూడా పొడుచుకోవడం ఆపారు. ఆయన పుస్తకం తెరిచి అలవాటుగా అడిగాడు.

"ఈ బిడ్డకి ఏం పేరు?"

ముసలావిడ ఒక క్షణం ఆగింది. రెహీనా అన్న మాట ఆవిడ నాలిక చివర ఉందో లేదో ఎవరికీ తెలియదు.

"అంగుస్తియాస్," అంది, తిరనాళ్లలో కోవా అమ్మే గొంతుతో. అది వీధి చివరిదాకా వినబడే గొంతు.

మెట్ల మీద చేమా చేయి, డెబ్భై ఏళ్ల అలవాటు కొద్దీ, గుండె వైపు లేచింది. ముసలావిడ మెల్లగా తల తిప్పి చూసింది. ఆ చేయి మధ్యలోనే దారి మార్చుకుని చొక్కా గుండీ సర్దుకుంది.

ఫాదరు లోపలికి దారి తీశాడు. అందరూ కదిలారు. హిమెనా వెనక్కి తిరిగేసరికి మెట్ల కింద ఎలియోదోరో రొప్పుతూ నిలబడి ఉన్నాడు. చంకలో ఫైలు. కళ్లజోడు, మూడేళ్లలో మొదటిసారి, ముక్కు మీద.

"వాళ్ల పెదనాన్న ఆ పేజీ అందరికీ చూపించాలని కబురంపాడమ్మా. రెండో సంపుటం కోసం నీ గదంతా వెతికాను. అక్కడ చెప్పులున్నాయి, అంతే. సరే కదాని దీంట్లోనే చూద్దామని మొదట్నుంచి తిప్పుకుంటూ వచ్చాను." ఫైలు చివరి పేజీ దగ్గర తెరిచి పట్టుకున్నాడు. "తొంభై ఆరు. ఆ తర్వాత అట్ట మాత్రమే. నాలుగు వందల పన్నెండు ఏదమ్మా?"

సందు చివరి హార్డ్‌వేర్ కొట్టువాళ్లు ఆ పేజీలన్నీ అద్దెకి తీసుకెళ్లారని చెప్పడానికి హిమెనా నోరు తెరిచింది. లోపల్నుంచి నీళ్లు పోస్తున్న చప్పుడు, దాని వెంటనే పసిపిల్ల ఏడుపు వినిపించాయి. నోరు మూసేసింది.

"లేదు మావయ్యా," అంది. "ఆ పేజీ లేదు. రాణి లేదు, కోట లేదు, పెరూ వెళ్లినావిడ లేదు. మూడేళ్లలో నలభై ఒక్క పేర్లు ఆ ఫైల్లో లేకుండానే చదివాను. వేరుశెనక్కాయలు నీకు మిగలాలని మొదలెట్టాను. తర్వాత బావుందని చదివాను."

ఎలియోదోరో కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. "నలుగురన్నావు. అదైనా నిజమేనా?"

"అదీ తప్పే మావయ్యా. బ్రౌలియో గారితో పుస్తకాలన్నీ తిప్పించాను. లోయ మొత్తమ్మీద ఒక్కరే." హిమెనా గుడి లోపలికి చూసింది. ఏడుపు తగ్గింది. "అంటే ఇందాకటిదాకా. ఇప్పుడు ఇద్దరు."